వెనక వినిపించిన గంటలు

మొదట వినిపించేది దగ్గు. కొండ మలుపు కింద, పొగమంచులో, ఎవరో ముసలాయన గొంతు సవరించుకుంటున్నట్టు ఒక దగ్గు. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ ఇంకాస్త దగ్గరగా ఇంకో దగ్గు. అది వినగానే ఫిదానా లేచి పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టేది.

ఆ దగ్గు డాక్టర్ వెలీకా చౌషోవా పాత నివా జీపుది.

"ఊరందరి దగ్గులూ కుదురుస్తావు, దీనికో మందు రాయవేమే?" అని ఫిదానా గుమ్మంలోంచే కేకేసేది.

"పొగ మానమన్నాను. మా మగ రోగుల్లాగే, వింటుందా?" అంటూ వెలీకా దిగేది. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు ఎప్పుడూ తడిసినట్టే ఉండేది, వాన ఉన్నా లేకున్నా. లోపలికొచ్చి కూర్చునేది కాదు. నిలబడే జేబులోంచి ఫోను తీసి ఫిదానా చేతిలో పెట్టేది. "ఇదిగో, ఈ వారం వాగుడు. వినదగ్గది ఉంటే ఉంచు, లేకపోతే పొయ్యిలో వెయ్యి." కాఫీ రెండు గుక్కలు తాగేది. మిగతాది కప్పులో చల్లారుతుండగానే జీపు మళ్లీ దగ్గుకుంటూ కొండెక్కేది.

వాళ్లిద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. వెలీకా ప్లోవ్‌దివ్ నగరం వెళ్లి డాక్టరై, అందరూ నగరాల్లో ఆగిపోయినా తను మాత్రం రొదోపి కొండలకు తిరిగొచ్చింది. ఫిదానా జిల్లా రేడియోలో టేపులు కోసి అతికించే పనిలో చేరింది. రేడియో మూతబడ్డాక ఆమె దగ్గర మిగిలింది చెవులే. ఒక చలికాలం వెలీకా వచ్చి అంది: "డాక్టర్లకి చదవడానికి టైము లేదే. నాకూ లేదు. పత్రికలొస్తాయి, ప్లాస్టిక్కు కవరు కూడా చింపను. కానీ చేతులు కడుక్కుంటూ వినొచ్చు, అంబులెన్సులో వినొచ్చు. నేను దారిలో మాట్లాడతాను. నువ్వు కోసి అతికించి ఇంటర్నెట్లో పెట్టు. అదే కాస్త సరిచేసి బ్లాగులో రాసి పెట్టు, చెవులు ఖాళీ లేనివాళ్లు చదువుకుంటారు."

అలా మొదలైంది 'చల్లారిన కాఫీ'. ఒక్కో భాగం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జీపు వెళ్లేంత పొడుగు. ఒక్కో భాగంలో ఒకే ఒక్క సంగతి. దగ్గే పిల్లవాడి పక్కటెముకలు ఎక్కడ చూడాలి, భార్య మాట్లాడుతుంటే భర్త చేతులు ఏం చెబుతాయి, చెడ్డ కబురు చెప్పేటప్పుడు ముందు కిటికీ ఎందుకు మూయాలి. ఫిదానా చలి కోట్లు వేలాడే బీరువాలో తల దూర్చి, ఆ ఉన్ని చీకట్లో వెలీకా గొంతు వినేది. గేర్లు మార్చిన చప్పుడు తీసేసేది, ముక్కు చీదినది తీసేసేది, ఊపిరి మాత్రం ఉంచేది. మెల్లగా ఉత్తరాలు రావడం మొదలైంది. రూసేలో ఒక పిల్లల డాక్టరు లిఫ్టులో వింటానని రాసింది. విదిన్‌లో ఒక సర్జను, ఆపరేషన్ల మధ్య బట్టల గదిలో బూట్లు విప్పుకుని వింటానని రాశాడు.

"చూడవే, సర్జన్లకి కాళ్లుంటాయట," అంది వెలీకా, ఆ ఉత్తరం చదువుతూ. లోపల్లోపల ఎంత సంతోషించిందో ఫిదానాకు తెలుసు. ఆ రోజు కాఫీ మూడు గుక్కలు తాగింది.

ఒక్కటే నియమం. రోగి పేరు మార్చాలి, ఊరు మార్చాలి, పని మార్చాలి. ఈ విషయంలో వెలీకా మహా గట్టిది. ఆమె కథల్లో గొర్రెల కాపరులు చేపలు పట్టేవాళ్లయ్యారు, అత్తలు మామలయ్యారు, కొండలు దాన్యూబ్ నది ఒడ్డు మైదానాలయ్యాయి.

మింకో మామ బ్రెజెవో ఊరి గొర్రెల కాపరి. మంద అంతా ఆయనది కాదు. వసంతంలో వచ్చే గెయోర్గి పండుగనాడు ఊరివాళ్లు తమ తమ గొర్రెలను ఆయనకు అప్పజెబుతారు, ఆకులు రాలాక దిమితర్ పండుగనాడు తిరిగి తీసుకుంటారు. ఆ రెండు పండుగల మధ్య మందను తాకే హక్కు తోడేలుకు కూడా లేదని ఆయన వేళాకోళం.

ఆయన కళ్లలో నీటికాసులు. చూపు అంచుల నుంచి లోపలికి కమ్ముకొస్తోంది, సాయంత్రం లోయ మూసుకున్నట్టు. వెలీకా దాన్ని పట్టుకున్నది ఆసుపత్రి గదిలో కాదు, ఆయన ఇంటి గుమ్మంలో. కాఫీ పోస్తూ ఆయన కప్పు అంచు లోపల వేలు పెట్టాడు.

"కాలదా మామా?"

"వేడి చూస్తున్నానమ్మా."

"వేడి కాదు. నిండిందో లేదో చూస్తున్నావు."

ఆయన వేలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత, పెళ్లాం షీంకా వినకుండా గొంతు తగ్గించి అన్నాడు: "డాక్టరమ్మా, ఇది నీ నోట్లోంచి బయటికి రాకూడదు. గుడ్డివాడి చేతికి గొర్రెనెవడిస్తాడు? నాకు కళ్లు అక్కర్లేదు, గంటలు చాలు. ఏ గొర్రె ఎక్కడుందో, ఏది కుంటుతోందో, ఏది దాహంగా ఉందో గంట చెబుతుంది. కానీ వాళ్లకదెలా చెప్పను?"

"నా నోరు దాటదు. కానీ ఈ చుక్కలు రోజూ వేసుకోవాలి. పోయిన చూపు రాదు మామా. ఉన్నది ఉంచుతాయి, అంతే. నెలనెలా వచ్చి మందుల చీటీ తీసుకెళ్లు. మానావంటే ఆ ఉన్నదీ పోతుంది."

ఆయన నెలనెలా వచ్చాడు. చుక్కలు వేసుకున్నాడు. ఉన్నది ఉంది.

మరుసటి జూన్‌లో ఒక మధ్యాహ్నం వెలీకా గడ్డిమైదానం పక్కన జీపు ఆపి, తలుపు తెరిచి పెట్టి, కప్పు అంచున వేలు గురించి మాట్లాడింది. చూపు పోతున్న సంగతి దాచే మనిషిని కంటి దీపంతో కాదు, కాఫీ పోయించి పట్టుకోండి అని చెప్పింది. మింకోను దాన్యూబ్ ఒడ్డున కంబళ్లు నేసే మనిషిని చేసింది. మగ్గం చప్పుడుతోనే పోగు తెగిందని తెలుసుకునే నేతగాడు. ఆమె అంత బాగా అంతకు ముందెప్పుడూ మాట్లాడలేదు.

ఆ మాటల వెనక గంటలున్నాయి.

ఫిదానా బీరువాలో వింటూ కదలకుండా ఉండిపోయింది. పెద్దవి అడుగున, చిన్నవి పైన, దూరంగా ఎక్కడో కొండ మీద వాన మొదలైనట్టు. తీసేయడం ఆమెకు పెద్ద పని కాదు. ఫోను చేసింది.

"వెలీకా, వెనక గంటలున్నాయే. తీసేయనా?"

"ఎలా ఉన్నాయి?"

"వానలా."

"అయితే ఉంచు. ఆసుపత్రి వరండాల్లో కిటికీలు తెరుచుకోవు. వాళ్లకీ కాస్త గాలి తగలనీ."

"వదిలేముందు ఒకసారి విను."

"బయట జనం గోడ దాకా నిలబడ్డారే. నువ్వు విన్నావుగా, చాలు. వదిలెయ్."

ఆ కొండల్లో కాపరి గంటలను విడివిడిగా కొనడు. కమ్మరి దగ్గర రోజుల తరబడి కూర్చుని, ఒకదాని పక్కన ఒకటి మోగించి, ఒకదానికొకటి కుదిరే వరకు ఏరుకుంటాడు. ఒక మంద గంటలు ఇంకో మంద గంటల్లా ఉండవు. కళ్లు మూసుకుని పడుకున్న పసివాడు కూడా అదెవరి మందో చెబుతాడు. ఫిదానా అక్కడే పుట్టింది. వెలీకా అక్కడే పుట్టింది. ఇద్దరికీ అది ఊపిరంత తెలుసు. కానీ వినేవాళ్లంతా ఎక్కడో దూరాన తెల్లకోట్లలో ఉన్నారనుకున్నారు. పేరు మార్చారు, ఊరు మార్చారు, పని మార్చారు. మందను మార్చడం మరిచిపోయారు.

అనాస్తాస్ అనే కుర్ర పశువుల డాక్టరు కూడా 'చల్లారిన కాఫీ' వింటాడు. అతనిది బ్రెజెవోనే. ఒక ఆదివారం తల్లి వంటింట్లో బంగాళాదుంపలు తురుముతుంటే అతను ఫోను గట్టిగా పెట్టి వింటున్నాడు. తల్లి చెయ్యి ఆగింది. "ఒరే, ఇది మన మింకో మంద కదరా!" తర్వాత మొత్తం వింది. వేలు గురించి వింది. తురిమిన దుంపలు నల్లబడుతుంటే అలాగే వదిలేసి, ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ పక్కింటికి వెళ్లింది.

దిమితర్ పండుగ ఇంకా చాలా దూరముండగానే జనం మందలోకి వచ్చారు. ఒక్కొక్కరు ఒక్కో సాకుతో, మర్యాదగా, కళ్లు కిందికి దించుకుని. ఆయన అవి చూడలేడని గుర్తులేక.

"మా అల్లుడికి గొర్రెపిల్ల కావాలట, మింకో."

"తీసుకెళ్లు."

"మావి ఈసారి పెరట్లోనే కట్టేద్దామని... పెరడంతా గడ్డి పెరిగిపోయింది."

"మీ పెరట్లో రాళ్లు తప్ప గడ్డెప్పుడుంది, స్తామేనా? తీసుకెళ్లు. గంట మాత్రం విప్పి ఇచ్చెయ్. అది నాది."

ఆగస్టు చివరికి కొండ మీద గంటల మధ్య ఖాళీలు వచ్చాయి. పళ్లూడిన నోట్లో మాటలాగా మిగతావి మోగేవి. ఈ సంగతి ఫిదానాకు చెప్పింది అనాస్తాసే. గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా.

"పిన్నీ, అమ్మ చెడ్డది కాదు. ఊరికే అంది."

"ఊరికే అన్న మాటే ఊరంతా తిరుగుతుందిరా. నువ్వేం చేస్తావులే. గంటలు ఉంచింది నేను."

ఆ సాయంత్రమే ఆమె ఆ భాగాన్ని తీసేసింది. ఒక నకలు మాత్రం తన దగ్గర ఉంచుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు. ఈ సంగతంతా చెబుతుంటే వెలీకా వింది. నిలబడే ఉంది. కాఫీ ముట్టలేదు.

సెప్టెంబరులో మింకో చీటీకి రాలేదు. అక్టోబరులో రాలేదు. వెలీకా చీటీ రాసి మందుల షాపులో పెట్టింది. ఎవరూ తీసుకెళ్లలేదు. ఇంటికి ఫోను చేస్తే షీంకా ఎత్తి, "మందలో ఉన్నాడమ్మా" అనేది. ఏ మంద, ఎంత మంద అని అడిగే ధైర్యం వెలీకాకు లేదు.

"వెళ్లవే," అంది ఫిదానా. "చుక్కలు పట్టుకుని వెళ్లు. తిడితే తిట్టించుకో."

"తిట్టడే. అదే భయం. కాఫీ ఇస్తాడు."

"అయితే మీనా పండుగకి వెళ్దాం. ఇద్దరం."

నవంబరులో వచ్చే మీనా పండుగ మీనా అనే పునీతుడిది, ఆయన పేరు పెట్టుకున్న మింకోలందరికీ అది పేరు పండుగ. పేరు పండుగకు ఎవరూ ఎవరినీ పిలవరు. తలుపు తెరిచి ఉంటుంది, పొయ్యి మీద కుండ ఉంటుంది, రావాలనుకున్నవాళ్లు వస్తారు. పిలిస్తేనే తప్పు. పగ ఉన్నవాడు కూడా ఆ రోజు గుమ్మం తొక్కితే, పగ బయట మంచులో ఉండిపోవాలి. వెలీకా ఏటా వెళ్లేది. పొయ్యి పక్క పీట ఆమెది.

వెలీకా సరేనంది. మింకో కోసం ఉన్ని చొక్కా కొంది. చుక్కల సీసాలు కాగితంలో చుట్టింది. ఆ రోజు ఉదయం ఫిదానా తలకు రుమాలు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. పదింటికి ఫోను మోగింది.

"ఫిదానా, రాలేనే. జ్వరాలు. వరండా నిండిపోయింది. ఊపిరాడ్డం లేదు."

"సాయంత్రం?"

"చూస్తాను."

సాయంత్రమూ రాలేదు. ఫిదానా ఒక్కతే బస్సెక్కి వెళ్లొచ్చు. ఆ గంటలు ఉంచిన చేతులతో ఆ ఇంటి రొట్టె తుంచడానికి ముఖం చెల్లక, రుమాలు విప్పి మడత పెట్టింది. తర్వాత మంచు పడింది. బ్రెజెవో దారి మూసుకుపోయింది. చలికాలమంతా వెలీకా వేరే సంగతుల మీద మాట్లాడుతూనే ఉంది, ఫిదానా కోస్తూనే ఉంది. కానీ ఆ గొంతులో ఊపిరి తగ్గిందని, ఊపిరి మాత్రం ఉంచే ఫిదానాకు తెలిసింది.

దారి తెరుచుకున్నాక, ఏప్రిల్‌లో, ఇద్దరూ కలిసి వెళ్లారు.

షీంకా గుమ్మంలో చీపురుతో ఉంది. వాళ్లను చూసి చీపురు గోడకు ఆనించింది.

"రండి, రండి. పిలుపు పంపలేదని ఆగారా? మా ఇంట్లో పేరు పండుగకి కార్డులు అచ్చు వేయించడం ఎప్పటినుంచి మొదలైందో నాకు తెలీదమ్మా."

"షీంకా అత్తా..."

"లోపలికి రండి. చలి."

మింకో పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. వాళ్ల అడుగులకు ముఖం తిప్పాడు. సరిగ్గా వాళ్ల వైపు కాదు, కాస్త పక్కకు, వాళ్ల మధ్య గోడ వైపు. వెలీకా చిన్న దీపం తీసి కుడి కంట్లోకి వేసింది. ఎడమ కంట్లోకి వేసింది. మళ్లీ కుడి కంట్లోకి.

"ఆర్పేశావా, వెలిగించావా?" అని అడిగాడు ఆయన.

వెలీకా దీపం జేబులో పెట్టుకుంది.

"వెలిగించాను మామా."

"ఊఁ," అన్నాడు. తర్వాత నవ్వాడు. "ఇక మా ఆవిడకి పండగే. నల్లగా మాడిన రొట్టె పెట్టి, ఎర్రగా కాలిందని చెబుతోంది."

"నాలుక ఉందిగా, దాన్ని వాడు," అంది షీంకా.

పొయ్యిలో కట్టె విరిగింది. వెలీకా ఆయన కాళ్ల దగ్గర నేల మీదే కూర్చుంది. ఆమె కూర్చోవడం ఫిదానా చూసి చాలా కాలమైంది.

"నా మీద కోపం రాలేదా మామా?"

"ఎందుకు రాదు? వచ్చింది. స్తామేనా గొర్రెలు పోయిన రోజు రాత్రంతా వచ్చింది. దాచుకున్నాను. మీనా పండుగకి నువ్వొస్తావుగా, అప్పుడు నలుగురి ముందూ కడుపు నిండా తిట్టి, తర్వాత చుక్కలు తీసుకుందామనుకున్నాను. మగాణ్ణి, కోపంలో ఉండి చీటీ కోసం వచ్చి నీ గుమ్మంలో నిలబడతానా? నువ్వే రావాలి, నేనే తిట్టాలి. పద్ధతంటే అది." ఆయన చెయ్యి చాచి, తడిమి, వెలీకా తల మీద పెట్టాడు. "ఆ పీట మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. అయినా నీకు పనులుంటాయి. రోగులు. నాకు తెలీదా?"

వెలీకా ఆ చెయ్యి కింద కదల్లేదు.

"అది ఉందా? ఆ మాట్లాడింది," అని మింకో ఫిదానా వైపు ముఖం తిప్పాడు. "ఊరంతా విన్నారు. నాకెవరూ వినిపించలేదు."

ఫిదానా వెలీకా వైపు చూసింది. వెలీకా తలెత్తలేదు. ఫిదానా ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

గది జూన్‌తో నిండింది. ముందు వెలీకా గొంతు, వెనక మంద మొత్తం, ఒక్కటీ తక్కువ కాకుండా. మింకో తల వంచి విన్నాడు. పెదవులు కదుపుతూ ఏవో పేర్లు అనుకున్నాడు. ఒకచోట వేలెత్తి, "అది స్తామేనా నల్లది. కాలికి ముల్లు గుచ్చుకుంది ఆ రోజు. విన్నావా?" అన్నాడు. నేతగాడి కథ వచ్చినప్పుడు శ్రద్ధగా విన్నాడు. వేలు, కప్పు, దాచడం, చుక్కలు. అంతా అయ్యాక నిట్టూర్చాడు.

"మంచిగా చెప్పావమ్మా. కానీ ఆ నేతగాడు మూర్ఖుడు. చుక్కలు మానడు కదా?"

"మానలేదు మామా," అంది వెలీకా. "కథలో మానలేదు."

షీంకా కాఫీ తెచ్చింది. వెలీకా కప్పు అడుగు కనిపించే దాకా తాగింది.

తిరిగి వస్తుంటే దారి పక్కన మంచు కరిగి నీళ్లు పారుతున్నాయి. కొత్త గడ్డి మీద ఎండ పల్చగా పరుచుకుంది. పైన ఎక్కడా గొర్రెలు లేవు. గెయోర్గి పండుగకు బ్రెజెవో మంద ఎవరి చేతికి వెళ్తుందో ఊళ్లో ఇంకా తేలలేదట. మలుపు దగ్గర వెలీకా జీపు ఆపింది, ఇంజను ఆపింది. అద్దం దించలేదు. ఫోను తీయలేదు.

ఫిదానా ఆమె వైపు తిరిగింది.

"ఈ వారానికి ఏం పెట్టను? వాళ్లు ఎదురు చూస్తారు."

వెలీకా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తోంది.

"పోనీ ఇదే చెప్పు," అంది ఫిదానా. "పేరు మార్చి, ఊరు మార్చి. డాక్టర్లకి తెలియాలి కదా. ఆ రోజు జ్వరాలొచ్చాయి, వరండా నిండిపోయింది, వెళ్లలేకపోయావు. వాళ్లకర్థమవుతుంది. వాళ్లందరికీ అలాంటి రోజు ఒకటి ఉంటుంది. నువ్వు మాట్లాడు, మిగతాది నేను సరిచేస్తాను."

"వద్దే," అంది వెలీకా. "ఆ రోజు నా దగ్గరికి ఎవరూ రాలేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఖాళీ వరండాలో, ఆ చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను."